రూట్ గారి ఉత్తరాలు

పరంధామయ్య రైల్వేలో ఉన్నన్నాళ్లూ ఒకటే పని చేశాడు: ఆఫీసుకు వచ్చిన ఉత్తరాలను ఎవరివి వాళ్లకు చేర్చడం. పరాయి పేరున్న కవరు తెరవడమంటే ఆయన దృష్టిలో దొంగతనమే. రిటైరై నాచారంలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ పట్టు సడలలేదు. ఆ పట్టే కూతురు హరిణి కొంప ముంచబోయింది.

హరిణిది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. జాకెట్ల మీద కుట్టేందుకు ఇన్నేళ్లుగా తను గీసిన డిజైన్లన్నీ ఇంట్లోని సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఆ పొద్దున చెంగిచెర్ల పెళ్లివారి డిజైన్ తెరవబోతే అది మొరాయించింది. తెర మూలన చిన్న కవరు బొమ్మ కనబడింది.

"డాడీ, ఈ మెయిల్సేంది?"

"అవి మనయి గావు బిడ్డా. రూట్ అనేటాయనకు రోజూ వస్తున్నయ్. ఈ డబ్బా ఇంతకుముందు ఆయనదేమో. అడ్రస్ దొరికితే పంపిద్దామని సూస్తున్న."

హరిణికి నవ్వాగలేదు. రూట్ అంటే మనిషి కాదు, ఆ కంప్యూటర్ మీద పెత్తనం ఎవరిదో వాళ్లకుండే పేరు. అంటే తనే! నవ్వుతూనే ఒకటి తెరిచింది. ఇంకొకటి తెరిచేసరికి నవ్వు ఎగిరిపోయింది. అన్నింట్లోనూ ఒకటే మొర: డిస్కు పాడవుతోంది, కావలసినవి వెంటనే కాపీ చేసుకోండి. పాపం, డబ్బా తనంతట తానే ఇన్నాళ్లుగా మొత్తుకుంటోంది.

"డాడీ, నా డిజైన్లన్నీ పోతున్నయ్! ఎవ్వర్నీ దీన్ని ముట్టనియ్యకు!"

స్కూటీ తీసి ఉప్పల్‌కు ఒకటే పరుగు. సిగ్నళ్లన్నీ కక్ష కట్టినట్టు ఎర్రగానే ఉన్నాయి. కంప్యూటర్లు బాగుచేసే దయాకర్ కొత్త డిస్కు పట్టుకుని వెనక సీటెక్కాడు. వాళ్లొచ్చేసరికి పరంధామయ్య స్విచ్చి పక్కనే కుర్చీ వేసుకుని, పనిమనిషి చీపురును కూడా గదిలోకి రానివ్వకుండా కాపలా కాస్తున్నాడు.

కాపీ మొదలైంది. లోపల టిక్కుటిక్కుమని చప్పుడు. తెరమీద గీత ముందుకు జరుగుతుంది, ఆగుతుంది, ముగ్గురి ఊపిరీ ఆగుతుంది.

"జర ఓపిక పట్టవే తల్లీ," అని దయాకర్ డిస్కును బతిమాలుతున్నాడు. పెళ్లివారి ఫోల్డరు అన్నింటికన్నా చివర్న ఉంది. అదీ దాటింది. "మొత్తమొచ్చింది అక్కా!"

హరిణి ఎగిరి గంతేసింది. మధ్యాహ్నానికి పాత డిస్కు పూర్తిగా కన్నుమూసింది.

దయాకర్ కొత్తది బిగించి, ఇకమీద ఆ మెయిల్స్ హరిణి పేరుకే వచ్చేలా చేసి వెళ్లాడు. పరంధామయ్యకు మాత్రం ముద్ద దిగలేదు. కూతురి బతుకుతెరువు మంటగలుస్తుంటే పద్ధతి పద్ధతంటూ కూర్చున్నానే అని కుమిలిపోయాడు.

మర్నాడు హరిణి పళ్లు తోముకుంటుంటే కంప్యూటర్ గదిలోంచి కేక.

"బిడ్డా, నీ పేరు మీద ఉత్తరమొచ్చింది!"

"ఆగు డాడీ, వచ్చి సూస్త."

"నేను సూసిన. డిస్కు మంచిగున్నదట. నిన్నడగకుంటనే తెరిసిన బిడ్డా!"