అడుగున మిగిల్చిన మందు

పొద్దున్నుంచి ఉరుకుందమ్మ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. కొట్టంలోకి పోతుంది, గేదె పొదుగు మీద చెయ్యి వేసి చూస్తుంది, బయటికొచ్చి దారి వైపు చూస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది. పొయ్యి మీద పెట్టిన నీళ్లు మరిగి మరిగి సగానికి వచ్చినా ఆమెకు పట్టలేదు. ఎన్నిసార్లు ముట్టి చూసినా కుడివైపు వెనక చన్ను రాయిలాగే ఉంది, వేడిగానే ఉంది. పిండితే పాలకు బదులు పసుపుపచ్చని నీళ్లు, ఆ నీళ్లలో విరిగిన పాల పీచులు, ఈ పొద్దు కొత్తగా నెత్తురు జీర.

గేదె పేరు సుక్కి. నొసట తెల్లచుక్క ఉంది కాబట్టి ఆ పేరు. అది ఉరుకుందమ్మది కాదు, కోడలు పద్మది. పద్మ పుట్టిల్లు కౌతాళం దగ్గర. బిడ్డ పుట్టిన ఏడాది, మనవరాలు పాలు తాగాలని ఆమె తండ్రి దీన్ని ఇంకా ఈనని పడ్డగా ఉన్నప్పుడే ఆటోలో ఎక్కించుకుని తెచ్చి కట్టేసి పోయాడు. ఆ తండ్రి ఇప్పుడు లేడు. పుట్టింటి నుంచి పద్మకు మిగిలింది ఈ గేదె ఒక్కటే.

పత్తి ఏరడం అయిపోగానే ఊరు సగం ఖాళీ అయింది. ఏటా అయ్యేదే. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య పల్లెల్లో ఆ కాలంలో తాళాలు వేసిన తలుపులు, తలుపుల ముందు కూర్చున్న ముసలివాళ్లు, కట్టుగొయ్యల దగ్గర పశువులు తప్ప పెద్దగా ఏమీ మిగలవు. కొడుకు ఈరన్న, పద్మ, బిడ్డనెత్తుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోసే సుగ్గి పనికి పోయారు. టెంపో ఎక్కబోయిన పద్మ వెనక్కి తిరిగొచ్చి, సుక్కి మెడ నిమిరి, “అత్తా, దీన్ని సూస్కో,” అంది. “పోయొస్తాం,” అని కూడా అంది. ఆ మాట అనకుండా ఎవరైనా గడప దాటితే ఉరుకుందమ్మ వెనక్కి పిలిచి, అనిపించి మరీ పంపుతుంది.

దారి మలుపులో మోపెడ్ చప్పుడు వినిపించింది. సూది లక్ష్మప్ప. చదివిన డాక్టరు కాదు. ఒకప్పుడు పశువుల డాక్టరు వెంట సంచి మోసి, చూసి చూసి సూది వేయడం నేర్చుకున్నాడు. ఊళ్లో గొర్రె దగ్గినా, కుక్క కుంటినా అతన్నే పిలుస్తారు.

“ఏమవ్వా, నీ కోడలి ముద్దుబిడ్డ మళ్ల అలిగిందా?”

“ఎగతాళి సాలుగాని సూడప్పా. మొన్న నువ్వేసిన సూదికి వాపు దిగనే లేదు.”

“దిగకపోవడమేంది? వానల్లో రొండు సూదులకే దిగిపాయె. ఈనినప్పుడు గుడా అంతే కదా.” లక్ష్మప్ప గొంతుక్కూర్చుని పొదుగు మీద చెయ్యి వేశాడో లేదో, సుక్కి కాలు విసిరింది. అతను వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నాడు. “తన్నేదానికి మాత్రం ఏ జబ్బూ ల్యా! గూట్లో మందుండాదా?”

ఉండకేం. గూటినిండా సీసాలే. ప్రతి సీసా అడుగున కొంచెం మందు.

ఉరుకుందమ్మ ఇంట్లో ఏదీ పూర్తిగా ఖాళీ కాదు. బియ్యం డబ్బాలో పిడికెడు ఉండగానే కొత్తవి పోస్తుంది. నూనె సీసాలో చుక్క మిగలాల్సిందే. తల్లి నేర్పిన అలవాటే అది. భయంగా మారింది మాత్రం భర్త అయ్యన్న పోయినప్పటినుంచి. కాలువ పనికి బయల్దేరుతూ ఆయన తొందర పెడితే, డబ్బాలో ఉన్న జొన్నపిండంతా దులిపి రొట్టెలు కాల్చి మూట కట్టి ఇచ్చింది. ఖాళీ డబ్బా కడిగి బోర్లించింది. ఆయన మళ్లీ రాలేదు. కాలువ గట్టు విరిగి పడిందని జనం చెప్పారు. ఉరుకుందమ్మకు మాత్రం ఈనాటికీ ఆ బోర్లించిన డబ్బానే కనిపిస్తుంది. ఇంట్లోంచి ఎవరు ఊరికి బయల్దేరినా ముందు ఆమె చెయ్యి పోయేది డబ్బాల మీదికే.

మందు సంగతీ అంతే. వాపు కాస్త తగ్గగానే, “సాలప్పా, అడుగున ఉండనీ,” అనేది. లక్ష్మప్పకూ అది అనుకూలమే. మిగిలిన దాంట్లో కొంత అప్పుడప్పుడు ఇంకో ఇంటి మేకకు పట్టుకుపోయేవాడు. ఇప్పుడు అతను రెండు సీసాల అడుగులు ఒకే సూదిలోకి లాగి సుక్కి తొడలో పొడిచి, “రేపటికి లేసి ఎగుర్తాది సూడు,” అని మోపెడ్ ఎక్కాడు.

మర్నాటికి సుక్కి ఎగరలేదు సరికదా, మేత ముట్టలేదు. పొదుగు ఇంకా బిగిసింది. దూడ తల్లి వాసనకు అరుస్తుంటే కట్టు తెంచుకోకుండా పట్టుకోవడమే ఉరుకుందమ్మకు పనైంది. లక్ష్మప్ప వచ్చి చూసి, ఈసారి హాస్యమాడలేదు.

“అవ్వా, దీనికి మందులన్నీ అలవాటు పడినట్లుండాయి. ఒంట్లో సత్తువ ఉండంగానే ఎమ్మిగనూరు సంతకి తోలేద్దాం. నాకు తెలిసిన బేరగాడుండాడు. రేపు పొద్దున్నే టెంపో తెమ్మంటా.”

“యాడికి తోల్తాడు దాన్ని?”

లక్ష్మప్ప మోపెడ్ తాళం తిప్పాడు.

సాయంత్రం పద్మ ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ల నవ్వులు, ఎవరో మిరప ఘాటుకు తుమ్ముతున్న చప్పుడు.

“అత్తా, సుక్కి ఎట్లుండాది?”

“బాగుండాదిమ్మా. మేత తింటాంది,” అంది ఉరుకుందమ్మ. ఆ పూట ఆమె కూడా ముద్ద ముట్టలేదు.

తెల్లారీ తెల్లారకముందే షేర్ ఆటో పట్టుకుని మండలంలోని పశువుల ఆసుపత్రికి పోయింది. తలుపు ఇంకా తీయలేదు. మెట్ల మీద కూర్చుంది, లేచింది, గేటు దాకా నడిచింది, మళ్లీ వచ్చి కూర్చుంది. ఈపాటికి టెంపో వచ్చి ఉంటుంది. తను లేకుండానే ఎక్కించేస్తే? డాక్టరు హేమ స్కూటర్ దిగుతుండగానే ఎదురెళ్లి చెయ్యి పట్టుకుంది. ఆలూరు పిల్ల హేమ, ఆ ప్రాంతం మాటే ఆమెది. సగం విని, “ఎక్కవ్వా, పోతా పోతా సెప్పు,” అంది.

వాళ్లు వచ్చేసరికి టెంపో గుమ్మం ముందే ఉంది. బేరగాడు దాని వెనక పలక దించి ఉంచాడు. లక్ష్మప్ప సుక్కి పలుపు విప్పుతున్నాడు.

“యాడికప్పా తోల్తాండావ్?” అంది హేమ. “ఇన్ని మందులు పొడిచిన దాన్ని ఏ సంతకీ తోలకూడదు. ఏమేం ఏసినావో సెప్పు ముందు.”

లక్ష్మప్ప పలుపు బేరగాడి చేతికిచ్చాడు. ఉరుకుందమ్మే గూట్లో సీసాలన్నీ కొంగులో పోసుకొచ్చి హేమ ముందు పరిచింది. హేమ ఒక్కొక్కటీ ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది.

“ఇవన్నీ ఎందుకు మిగిల్చినావవ్వా?”

“ఖాళీ సేయకూడదమ్మా.”

హేమ నవ్వలేదు. “సేన్లో గరిక సగం తవ్వి ఇడిసిపెడితే ఏమైతాది?”

“ఎవురిడుస్తారు? మునుపటికంటే మొండిగా లేస్తాది.”

“దీని పొదుగులో గుడా అదే అయ్యింటాది. వాపు తగ్గినంత మాత్రాన జబ్బు పురుగులన్నీ సచ్చినట్లు కాదు. మెతకవి సస్తాయి, మొండివి మిగుల్తాయి. ఆ మొండివే మళ్ల పెరుగుతాయి. వాటికి ఈ మందంటే లెక్కుండదు. పాలు ఆదోని ల్యాబుకి పంపిస్తా. ఏ మందుకి సస్తాయో ఆడ తెలుస్తాది. అంతవరకు నొప్పికి మాత్రం సూదేస్తా. ఆ సన్ను మాటిమాటికి పిండి పారబొయ్యి. అన్నిటికన్నా ఆఖరున దాన్ని పిండు, సేతులు సబ్బుతో కడుక్కో.”

“బాగుండే సన్నుల పాలు వనజకిస్తాండా. సంటిబిడ్డుండాదని.” ఊళ్లో మిగిలిపోయిన పడుచు వనజ ఒక్కతే, పక్కింట్లో.

“ఇంగ ఇయ్యొద్దు. ఆ పాలల్లో మందు దిగుతాది. బిడ్డ కడుపులో పురుగులు గుడా ఆ మందుకి మొండికేస్తాయి. రేపు బిడ్డకి జబ్బు సేస్తే అదే మందు పనికి రాకపోవచ్చు. కుక్కకి గుడా పొయ్యొద్దు. గుంత తీసి పూడ్సు.”

ఉరుకుందమ్మ గుమ్మంలో పడుకున్న కుక్కను చూసింది. పిండి పారబోసిన నీళ్లన్నీ అది నాకుతూనే ఉంది. దాన్ని అదిలించి అవతలికి తోలింది.

బేరగాడికి ఓపిక అయిపోయింది. “ముసల్దానా, ఇస్తావా ఇయ్యవా? సచ్చినాక నన్ను పిలిస్తే రాను.”

“పిలవను పో,” అంది ఉరుకుందమ్మ. పలుపు తనే అందుకుని గొయ్యకు కట్టింది. ముడి సరిగా పడక, విప్పి మళ్లీ కట్టింది.

ఆదోని నుంచి కబురు వచ్చేదాకా ఆమెకు తిండీ లేదు, నిద్రా లేదు. నీళ్లు కాచడం, కాపడం పెట్టడం, పిండడం, గుంత పూడ్చడం, చేతులు కడగడం, మళ్లీ నీళ్లు కాచడం. దారిన ఏ బండి పోయినా గుమ్మంలోకి వచ్చేది. వనజ బిడ్డ ఏడిస్తే గోడ దగ్గరికి పోయి, “ఒళ్లు కాల్తాందా ఏమన్నా?” అని అడిగేది. “ఆకలవ్వా, ఆకలికే,” అని వనజ విసుక్కునేది.

చివరికి హేమ మందు పట్టుకుని తనే వచ్చింది. గూట్లో ఉన్న ఏ మందుకూ ఆ పురుగులు చావవని ల్యాబు వాళ్లు తేల్చారు. పనిచేసేది ఒక్కటే మందు. ఆమె లక్ష్మప్పను పిలిపించి అతని ఎదుటే చెప్పింది. “రోజుకో సీసా, ఐదు దినాలు. మొదటిది నేనేస్తా, తక్కినవి నువ్వెయ్యి. వాపు పోయినా ఆపొద్దు. ఈ మందు గుడా సగంలో ఆపితే ఇంగ నా కాడ ఏమీ ల్యా.” పాత సీసాలన్నీ ఆమె తన సంచిలో వేసుకుపోయింది. గూడు బోసిపోయి ఉంటే ఉరుకుందమ్మ అటువైపు చూడలేకపోయింది. కొత్త సీసాలు వరసగా పెట్టాక కాస్త ఊపిరాడింది.

ఆ సీసాలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. పొదుగు మెత్తబడింది. సుక్కి మొదట నీళ్లు తాగింది, తర్వాత జొన్నచొప్ప నమిలింది, ఒక పొద్దు దూడను నాకింది. జబ్బు చన్ను మాత్రం చిక్కిపోయింది. దాంట్లో ఇక పాలు రావని హేమ ముందే చెప్పింది.

ఆఖరి సీసా మిగిలిన రోజు లక్ష్మప్ప వచ్చి, సుక్కి నెమరు వేస్తుంటే చూసి, గూట్లోకి తొంగి చూశాడు.

“తగ్గిపాయె కదవ్వా. ఇది ఉండనీలే. వనజ మేక కుంటుతాంది, దానికేద్దాం. డాక్టరమ్మ వచ్చి సూస్తాదా ఏంది?”

అవి ఉరుకుందమ్మ మాటలే, ఇన్నాళ్లూ తను అతనికి చెప్పినవే. సీసా చేతిలోకి తీసుకుంది. ఇది కూడా అయిపోతే గూట్లో ఏమీ ఉండదు. ఈరన్న, పద్మ, చిన్నది ఎక్కడో పరాయి ఊళ్లో ఉన్నారు. డబ్బా ఖాళీ చేసి పంపిన రొట్టెల మూట కళ్ల ముందు కదిలింది. సీసాను మళ్లీ గూట్లో పెట్టేసింది. కొట్టంలో సుక్కి ముక్కు చీదింది. ఉరుకుందమ్మ అటు తిరిగి చూసి, గూటి దగ్గరికి వచ్చి, సీసా తీసి లక్ష్మప్ప చేతిలో పెట్టింది.

“మేకని డాక్టరమ్మకే సూపిద్దాం. ఇది దీనికే ఎయ్యి.”

లక్ష్మప్ప పొడిలో నీళ్లు కలిపి ఊపి, సూదిలోకి లాగాడు. లాగి సీసా ఆమెకు చూపిస్తూ కన్ను గీటాడు. “నీ సంగతి నాకు తెల్దా? అడుగున ఉంచినాలే.”

“అది గుడా లాగప్పా.”

“ఏందీ?”

“లాగంటాండా కదా! నా కండ్ల ముందర లాగు.”

అతను సీసా తలకిందులు చేసి, సూది మొన మూతకు ఆనించి, చివరి చుక్క దాకా లాగాడు. సుక్కి తన్నకుండా పొడిపించుకుంది. ఖాళీ సీసా ఉరుకుందమ్మ చేతికిచ్చి, “ఈ పొద్దు నీకేమైందవ్వా,” అనుకుంటూ పోయాడు. ఆ సీసాను ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. హేమకు అప్పగించేవరకు పట్టుకు తిరగాలనుకుని కొంగున ముడి వేసుకుంది.

ఆ పగలంతా ఆమె గుమ్మం వదలలేదు. సాయంత్రమైంది. పద్మ ఫోన్ చేసే పొద్దు దాటిపోయింది. తనే చేస్తే కలవలేదు. ఈరన్న నంబరూ కలవలేదు. దారి మలుపు దాకా పోయింది, తిరిగొచ్చింది, మళ్లీ పోయింది. ఎదురొచ్చిన మేకల కాపరిని, “గుంటూరు దిక్కు ఏమన్నా ఇన్యావా నాయనా?” అని అడిగింది. అతను వింతగా చూసి మేకల్ని అదిలించుకుంటూ పోయాడు. కొంగులో సీసా నడిచినప్పుడల్లా మోకాలికి తగులుతూ ఉంది.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది.

“ఫోన్ల సార్జీ అయిపోయింటే పెట్టుకుంటాంటిమి అత్తా. సుక్కి ఎట్లుండాది?”

ఉరుకుందమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొట్టం గోడకు ఆనుకుని నిలబడింది.

“పద్మా, నీకు అబద్ధం సెప్పినా. దానికి పొదుగు వాసింది. సావు దాకా పోయొచ్చింది. ఒక సన్ను ఎండిపోయినాది, ఇంగ పాలు రావంట. వాపు తగ్గినప్పుడల్లా మందు ఆపించింది నేనే.”

మిరపకాయల కుప్పల దగ్గరి మాటలు దూరమయ్యాయి; పద్మ పక్కకి వచ్చినట్లుంది.

“సుక్కి ఉండాదా?” అంది పద్మ.

“ఉండాది. చొప్ప తింటాంది. నీ గొంతు ఇని చెవులు నిక్కించినాది సూడు.”

“దాని కాడ పెట్టు ఫోను.”

ఉరుకుందమ్మ ఫోన్ సుక్కి చెవి దగ్గర పెట్టింది. పద్మ ఏమందో ఆమెకు వినిపించలేదు. గేదె ఒకసారి తల విదిల్చి, మళ్లీ నెమరులో పడింది. ఫోన్ తన చెవికి తెచ్చుకునేసరికి అవతల పెట్టేశారు.

పోయొస్తామని గానీ, ఉంటానని గానీ పద్మ అనలేదు. ఉరుకుందమ్మ బొటనవేలు మళ్లీ నంబరు మీదికి పోయింది. ఆగింది. ఫోన్ జాకెట్లో పెట్టుకుని లోపలికి పోయి, జొన్నపిండి డబ్బా మూత తీసి, చెయ్యి అడుగుదాకా పెట్టి చూసింది. పిడికెడు ఉంది. మూత పెట్టి, సుక్కికి నీళ్లు తోడటానికి బయటికొచ్చింది.