అన్నీ ఒకదాన్నే అడిగితే

"హరితా, నా చార్జర్ యాడ పెట్టినావు?" అన్నాడు నా భర్త కిషోర్.

పెట్టింది నేను కాదు. అయినా సంగటి కెలుకుతూనే చెప్పాను, టీవీ వెనకాల అని. "నా బీపీ మాత్ర యాడుండాదమ్మా?" అంది అత్త చెంగమ్మ. అలమరాలో, ఎడమవైపు డబ్బాలో. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కిషోర్‌కి మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా మండీ ఉంది. నేను ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఇంట్లో మాత్రం ఎవరేమడిగినా బదులు చెప్పే మనిషిని, అంతే.

వాతావరణాన్ని బట్టి టమాటాకి తెగులు ఎప్పుడొస్తుందో ముందే లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి రాశాను. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థవాళ్లు తమ సూపర్ కంప్యూటర్ మీద దాన్ని నడిపి చూసుకోమని వారం రోజులకు పిలిచారు. వస్తానో రానో ఆ సాయంత్రంలోగా చెప్పాలి. ఇన్నేళ్లూ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన యంత్రం అది, కళ్లతో చూసిందే లేదు. కిషోర్ నవ్వాడు. "వారమా? నువ్వు పోతే ఈ ఇల్లు యాడ నడుస్తాది?"

ఆరోజు క్లాసులో ఆ యంత్రం పాఠమే. వేల ప్రాసెసర్లు ఒకేసారి పనిచేస్తాయి. దేనికి కావలసిన సమాచారం దాని దగ్గరే ఉంటుంది, పక్కదాన్ని అవసరమైనంత వరకే అడుగుతుంది. అలాకాక అన్నీ ఒకదాన్నే అడగడం మొదలుపెట్టాయా, అది ఉక్కిరిబిక్కిరవుతుంది, మిగతావన్నీ చేతులు కట్టుకుని నిలబడతాయి. అంత పెద్ద యంత్రమూ దండగే. ఇంతలో ఫోన్. ఆగకుండా మోగుతుంటే అత్తకేమైనా అయిందేమోనని ఎత్తాను.

"గ్యాస్ బుక్కు యాడుండాది?" కిషోర్ గొంతు ముందు బెంచీల దాకా వినిపించింది.

"బీరువా పైఅరలో."

పిల్లలు ముసిముసిగా నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి, సిగ్గుతో కాదు, కోపంతో. అందరికీ చెప్పే పాఠం నా తలకే ఎక్కలేదే!

సాయంత్రం టీ తాగుతూ కిషోర్ మండీ గొప్పలు మొదలుపెట్టాడు. "ఈ పొద్దు నేను పోకున్నా యాపారం జరిగిపోయింది సూడు. వేలం పాడేటోడు, బాక్సులెత్తేటోడు, ఎవుని పని వానికి తెలుసు. నన్ను ఒక్కడూ ఏమీ అడగడు."

"మరి ఇంట్లో?"

అతనికి అర్థం కాలేదు. నేను ఫోన్ తీసి బెంగళూరుకి 'వస్తున్నాను' అని పంపాను.

"హరితా, ఆ చార్జర్ మళ్లీ యాడ..."

"తెలుసు. చెప్పను. ఆదివారం బెంగళూరికి పోతాండాను."

గ్లాసు అతని చేతిలోనే ఆగిపోయింది. "అయితే మా అమ్మకు మాత్రలెవరిస్తారు?"

ఏమంటుందోనని అత్తవైపు చూశాను. ఆమె లేచి, నేరుగా అలమరా దగ్గరికి పోయి, ఎడమవైపు డబ్బాలోంచి మాత్ర తీసి వేసుకుంది.

వెతకనైనా లేదు.