బీరువా వెనక గోడ

చలిగాలులు మొదలైన వారానికే పిల్లకి దగ్గు పట్టుకుంది. బట్టలు కుట్టే ఆ తల్లికి ఒళ్లు మండిపోయింది. మొగుడేమో రంగులేసే మేస్త్రి. ఊళ్లోవాళ్ల గోడలన్నీ అద్దాల్లా మెరిపిస్తాడు. సొంత పడకగదిలో గోడకి చెమ్మ పట్టి నల్లబడితే మాత్రం, దానికి అడ్డంగా బీరువా జరిపి చేతులు దులుపుకున్నాడు.

“ఊరందరి గోడలూ కనపడతాయి గానీ, కన్నకూతురు పడుకునే గది కనపడదా నీకు? పట్టు, ఆ కొస పట్టు!”

అతను పట్టాడు. ఇద్దరూ బీరువా లాగారు. వెనక గోడనిండా అరచేతులంత నల్లటి మచ్చలు, ముక్కు పగిలే వాసన.

“చూడు, కళ్లారా చూడు! ఈ గాలి పీల్చే కదా అది దగ్గేది! పైన గాలి కోసం వదిలిన కన్నం ఏమైంది?”

అతను తల పైకెత్తి చూశాడు. ఆమె విసురుగా స్టూలెక్కింది. కన్నంలో ఏదో గుడ్డ కుక్కి ఉంది.

“ఏ బుద్ధిలేని మనిషి చేసిన పనిది!” అంటూ బలంగా లాగింది. చల్లగాలి రివ్వున మొహానికి కొట్టింది.

చేతిలో నాలుగు మడతల మెత్త, కన్నం కొలతకి సరిగ్గా కుట్టినది. ఏడాదైనా ఒక్క పోగు ఊడలేదు. ఆ కుట్టు తనదే; పోయిన చలికాలం పిల్లకి చల్లగాలి కొట్టకూడదని తనే కుట్టి కుక్కింది.

“మరి నువ్వెందుకు తియ్యలేదు?” అంది, గొంతు తగ్గకుండానే.

“ముట్టుకుంటే ఊరుకోనన్నావు కదా.”

పక్కగదిలో పిల్ల మళ్లీ దగ్గింది. ఈసారి తిట్టడానికి ఆమెకు ఎవరూ దొరకలేదు.