నలభై తాళంచెవుల ఇల్లు

పదకొండేళ్ళు అద్దె అపార్ట్‌మెంట్లలో మగ్గిన మనిషికి సొంత ఇల్లంటే ఎంత ఆత్రం ఉంటుందో రాధారాణిని చూస్తే తెలిసేది. ఫ్రీమాంట్‌లో ఇల్లు దొరకడమంటే మాటలు కాదు. తొమ్మిది ఇళ్ళకి ఆఫర్లు పెట్టి తొమ్మిదీ పోగొట్టుకున్నాక పదోది చేతికి చిక్కింది. స్టేషన్‌కి పది నిమిషాల దూరం, వెనక దొడ్లో ఆప్రికాట్ చెట్టు, వంటింట్లోకి నిండుగా ఎండ. అంతా బాగానే ఉంది గానీ ముహూర్తం దగ్గర వచ్చింది చిక్కు.

రిజిస్ట్రేషన్ సోమవారం. ముహూర్తమేమో అంతకుముందు శుక్రవారం, ఉదయం తొమ్మిది నలభై రెండుకి. అది దాటిందా, శ్రావణం వెళ్ళిపోతుంది, ఆ తరువాతది శూన్యమాసం, ఇక దసరా దాకా ఆగాల్సిందేనని గుడి పంతులుగారు తేల్చేశారు. ఇలాంటప్పుడు ఇక్కడి మనవాళ్ళు చేసే పనే రాధారాణీ చేసింది. మూడు రోజుల ముందే తాళంచెవి ఇస్తే పూజ చేసుకుని వెళ్ళిపోతామని అమ్మేవాళ్ళకి కబురు పెట్టింది.

ఇల్లు సిరానూష్ అనే ఆర్మేనియన్ పెద్దావిడది. ఎనభై నాలుగేళ్ళు. తుంటి విరిగి శాంటా క్లారాలో ఒక రిహాబ్ సెంటర్లో ఉంది. ఆమె తరఫున సంతకాలు పెట్టేది కొడుకు వార్తాన్. "అమ్మకి అంతా తెలుసు, సంతోషంగా ఉంది" అని చెప్పి, అరచేతి వెడల్పున్న ఇనుప రింగు ఒకటి రాధారాణి చేతిలో పెట్టాడు. దానికి నలభై తాళంచెవులున్నాయి. పోయిన వాళ్ళ నాన్న తాళాలు బాగుచేసేవాడట, ఆయనే గుచ్చాడట. ఈ ఇంటిది ఏదని అడిగితే, వాటిల్లోనే ఉంటుంది చూసుకోమన్నాడు.

శుక్రవారం పొద్దున గుమ్మం ముందు ఆ నలభైతో రాధారాణి పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. ఆకుపచ్చ పట్టుచీర, ఆరని తలవెంట్రుకలు, ఒక చేతిలో దేవుడి పటం, ఇంకో చేతిలో రింగు. పక్కన తొమ్మిదేళ్ళ కూతురు వేద వెండి ఆవుబొమ్మ పట్టుకుని నిలబడింది. భర్త నరసింహ ఫోన్ చూసి నిమిషాలు చదువుతున్నాడు, లాంచింగ్ ప్యాడ్ దగ్గర సైంటిస్టులాగా.

"ముప్ఫై తొమ్మిది! ఇంకా మూడు నిమిషాలే రాధా, జల్దీ చూడు!"

"చూస్తూనే ఉన్నాగా! నువ్వట్లా అరుస్తుంటే ఏది పెట్టి చూశానో మర్చిపోతున్నా."

సరిగ్గా నలభై రెండుకి ఆఖరి తాళంచెవి పెట్టింది. తిప్పకముందే తలుపు తెరుచుకుంది. తనే తిప్పి ఉంటానని అప్పటికి సరిపెట్టుకుంది. లోపల పంతులుగారి సలహా మీద స్మోక్ అలారంలో బ్యాటరీ తీసేశారు, హోమం చేశారు, పాలు పెట్టారు. పాలు మాత్రం గిన్నె అంచుదాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఎంతసేపటికీ పొంగలేదు. పంతులుగారు అటు తిరిగినప్పుడు నరసింహ గిన్నెని కాస్త ఒంచి, "ఆ, పొంగినయ్ పొంగినయ్" అన్నాడు.

పూజ కాగానే వెళ్ళిపోతామన్న మాట కూడా నిలబడలేదు. మూడు రాత్రులు నిద్ర చెయ్యాలన్నారు పంతులుగారు. సరేనని చాపలు పరుచుకున్నారు. సోమవారం కాగితాలయ్యాయి, మంగళవారం సామాన్ల ట్రక్కు వచ్చింది. అంటే ఒకసారి లోపలికి వచ్చినవాళ్ళు మళ్ళీ బయటికి వెళ్ళిందే లేదు.

మూడు వారాలు హాయిగా గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం రాధారాణి మేడ మీద రోజూ ఉండే మీటింగ్ తొందరగా ముగించుకుని కిందికి దిగేసరికి వేద టేబుల్ దగ్గర పాలు తాగుతోంది.

"ఎప్పుడొచ్చావే? తలుపెవరు తీశారు?"

"నువ్వే కదా తీశావ్. అమ్మా, వై డిడ్ యూ ఛేంజ్? గ్రీన్ శారీ బాగుంది."

రాధారాణి నవ్వేసింది. పిల్లలు ఏవేవో అంటారు. పాలెవరు పోశారన్న ఆలోచన అరగంట తరువాత గానీ రాలేదు. రాగానే లేచింది. వెళ్ళి గరాజ్‌లో సూట్‌కేస్ తెరిచింది. పట్టుచీర వేసిన మడత వేసినట్టే ఉంది, నాఫ్తలీన్ ఉండలతో సహా.

గుమ్మం దగ్గరి కెమెరా రికార్డింగ్ తీసి చూసింది. మూడూ పదికి తలుపు తెరుచుకుంది. తెరిచింది తనే. ఆకుపచ్చ చీర, తడి జుట్టు, నుదుటిమీద హోమం బొట్టు. బయట ఎవరూ లేరు. అయినా పక్కకి తప్పుకుని, రెండు చేతులూ జోడించి, "రండమ్మా, లోపలికి రండి" అంటోంది. ఖాళీగా ఉన్న గడప దాటి ఎవరో వస్తున్నట్టు ఆమె కళ్ళు నెమ్మదిగా కదిలాయి. అయిదు నిమిషాల తరువాత వేద బ్యాగు ఊపుకుంటూ వచ్చింది. ఆమె వేద తల నిమిరి లోపలికి తీసుకెళ్ళింది.

ముందురోజుదీ అంతే. ఆ ముందురోజుదీ అంతే. కెమెరా బిగించినప్పటినుంచి బడి ఉన్న ప్రతిరోజూ మూడూ పదికి అదే.

"ఇది నువ్వే కద రాధా. స్ట్రెస్ ఎక్కువై మర్చిపోతున్నవేమో" అన్నాడు నరసింహ సాయంత్రం. ఆమె ల్యాప్‌టాప్ తిప్పి తన మీటింగ్ రికార్డింగ్ చూపించింది. మూడూ పదికి ఆమె మేడ మీద, నీలం షర్ట్‌లో, పన్నెండుమందికి టెస్ట్ రిపోర్ట్ వివరిస్తోంది. నరసింహ రెండింటినీ పక్కపక్కన పెట్టి మూడుసార్లు చూశాడు. తరువాత లేచి, అవసరం లేకపోయినా తలుపు గడియ పెట్టాడు.

"నా కూతురి తల నిమురుతోంది అది" అంది రాధారాణి. భయం కంటే ముందు ఉక్రోషం వచ్చిందామెకి. "నా ఇంట్లో, నా చీర కట్టుకుని. రేపొద్దున వేద నన్ను చూసి నువ్వెవరంటే? ఈ ఇంటి సంగతి ఆ పెద్దావిడకే తెలియాలి, ఆవిడ దగ్గరికి వెళ్తున్నా."

"వెళ్ళి ఏం చెప్తవ్? టైటిల్ క్లియర్, అంతా లీగల్. ఆమెకి అన్నీ తెలుసన్నడు కదా కొడుకు."

"ఆవిడకి తెలిసే అమ్మి ఉంటే నాకీ గతి ఎందుకు పడుతుంది?"

మర్నాడు రింగు పట్టుకుని శాంటా క్లారా డ్రైవ్ చేసింది. రిహాబ్ సెంటర్లో సిరానూష్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. పిడికెడంత మనిషి, ఒళ్ళో చేతికర్ర, గులాబీ సబ్బు వాసన. ఇద్దరికీ ఉన్న భాష ఇంగ్లీషే, ఇద్దరిదీ చెరో యాసే. రింగు చూడగానే ఆవిడ మొహం వికసించింది.

"నా ఇల్లు చూసుకునే అమ్మాయివి నువ్వేనా? వచ్చే నెల ఇంటికి వచ్చేస్తాను. ఆప్రికాట్ చెట్టుకి నీళ్ళు పోస్తున్నావా?"

రాధారాణికి అప్పుడర్థమైంది. వార్తాన్ తల్లికి ఏమీ చెప్పలేదు. "పోస్తున్నానండీ" అని లేచి వచ్చేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎందుకో, ఆ ముసలి చేతులు రింగుని బిడ్డని తీసుకున్నట్టు ఒళ్ళోకి తీసుకోవడం చూశాక, అబద్ధమాడ బుద్ధి కాలేదు.

"ఇల్లు మేం కొనుక్కున్నామమ్మా. మీ అబ్బాయి అమ్మేశారు. మీకు తెలుసన్నారు."

సిరానూష్ కిటికీలోంచి పార్కింగ్ లాట్‌ని చూసింది. ఏడవలేదు. రింగు మీద ఒక్కో తాళంచెవినీ జరుపుతూ పోయింది.

"ఇవి నలభై ఎందుకో వాడు చెప్పలేదు కదూ. చిన్నప్పుడు వాడికి కథ చెప్పడానికే మా ఆయన చేశాడు. మాకూ ఒక రాజ్యం ఉండేది, వెయ్యేళ్ళ కిందట. అటు ఖలీఫా, ఇటు కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి, ఇద్దరూ పోటీపడి మా రాజుకి కిరీటాలు పంపేవారట. మా ఊరు ఆనీ. లోయ అంచున కోట, వెయ్యిన్నొక్క చర్చిలని చెప్పుకునేవాళ్ళం. పట్టు తీసుకుని తూర్పునించి వచ్చినవాడెవడూ మా గుమ్మం దాటకుండా పోయేవాడు కాదు. ఆ రాజ్యం నూట అరవై ఏళ్ళు వెలిగింది. ఆఖరి రాజు గాగిక్, మీసాలు సరిగా రాని పిల్లాడు. యుద్ధంలో ఓడిపోలేదు వాడు. చక్రవర్తి చుట్టాన్ని పిలిచినట్టు కాన్‌స్టాంటినోపుల్‌కి పిలిచాడు. వెళ్ళాడు. అక్కడ అతని అన్నం తింటూ ఉండగా ఒకరోజు తెచ్చి ముందు పెట్టారు, ఆనీ కోట నలభై తాళంచెవులు. ఇంటి దగ్గరున్న సొంత మనుషులే పంపించారు. ఆ తరువాత ఇరవై ఏళ్ళకి తురుష్కులొచ్చి ఊరిని కొల్లగొట్టారు. మా అమ్మమ్మ మాత్రం, ఊరు పోయింది ఆరోజు కాదు, తాళంచెవులు బల్లమీద పెట్టిన రోజే అనేది."

రాధారాణి తల దించుకుంది.

"మీరు ఇంట్లోకి ఎప్పుడొచ్చారు?" అని అడిగింది సిరానూష్.

"శుక్రవారం. కాగితాలు సోమవారం. మాకు ముహూర్తాల పట్టింపు... పూజ చేసుకుని వెళ్ళిపోతామన్నాం గానీ, వెళ్ళలేదు."

"అంటే మూడు రోజులు ఇల్లు నాదే. నువ్వు నా ఇంటికి చుట్టానివి." ఆవిడ ఏదో లెక్క సరిపోయినట్టు తలాడించింది. "అదీ సంగతి. మా పిల్లలు చిన్నప్పుడు బడినుంచి వచ్చేవేళ, మూడూ పదికి, ఇక్కడ కళ్ళు మూసుకుంటాను. మూసుకుంటే మా ఇంటి మెట్లు ఎక్కుతున్నట్టుంటుంది. రోజూ ఒక అమ్మాయి తలుపు తీస్తుంది, ఆకుపచ్చ బట్టల్లో. అచ్చం నీలాగే ఉంటుంది. కూర్చోబెట్టి పాలిస్తుంది. చక్కెర మరీ ఎక్కువేస్తుంది. ఆ మూడు రోజులు చుట్టంగా వచ్చిన నువ్వే అది, ఇల్లు ఇంకా నాదే అనుకుంటోంది. వెళ్ళమని దానికి ఎవరూ చెప్పలేదు మరి."

రాధారాణి ఆవిడ దగ్గరికి జరిగింది. "అమ్మా, నాకు చిన్నపిల్ల ఉంది. ఆ తలుపు తీసేదాన్ని ఎట్లా పంపాలో చెప్పండి."

"గాగిక్‌ని ఎవరూ అడగలేదు. నువ్వు వచ్చి అడిగావు." సిరానూష్ రింగు ఎత్తి రాధారాణి రెండు చేతుల్లో పెట్టి, తన చేతులతో మూసింది. ఆ వేళ్ళు చల్లగా, కాగితంలా ఉన్నాయి. "నా చేత్తో నేనిస్తున్నాను. వెళ్ళి బెల్లు కొట్టు. అది బయటికి వచ్చాకే నువ్వు లోపలికి వెళ్ళు. ఒక్క మాట. అది పోతే నాకు తలుపు తీసేవాళ్ళుండరు. ఆ తరువాత తీయడం, తీయకపోవడం నీ ఇష్టం. ఇల్లు నీది."

మూడూ పదికి రాధారాణి తన సొంత గుమ్మం ముందు నిలబడి బెల్లు కొట్టింది. వీధిలో ఎండ కాస్తోంది, ఎవరో గడ్డి కోసే మెషిన్ తిప్పుతున్నారు. తలుపు తెరుచుకుంది.

తడి జుట్టు, హోమం బొట్టు. తనకున్నట్టే ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి గాటు కూడా ఉంది. ఆమె రాధారాణిని చూడలేదు. రాధారాణి భుజం మీదుగా వెనక్కి చూస్తూ, "రండమ్మా, లోపలికి రండి" అంది. వెనక మెట్లమీద చేతికర్ర చప్పుడైంది. గులాబీ సబ్బు వాసన వచ్చింది.

రాధారాణి మెడ తిప్పలేదు. రింగు పైకెత్తి, "ఇవి ఆవిడ నా చేతికే ఇచ్చారు. ఇక నువ్వెళ్ళచ్చు" అంది.

ఆమె మొదటిసారి రాధారాణి కళ్ళలోకి చూసింది. కోపం లేదు, జంకు మాత్రం ఉంది, పరాయి ఇంట్లో ఉన్నదానిలాగా. "మరి ఆవిడకి తలుపెవరు తీస్తారు?"

ఎవరూ తీయరని ఒక్క మాటంటే చాలు. ఇల్లు తనది, కూతురు తనది, ఇక ఏ చప్పుడూ ఉండదు. పదకొండేళ్ళ ఆశ ఆ ఒక్క మాట దగ్గర నిలబడి ఉంది. మెట్లమీద చేతికర్ర ఆగింది. ఊపిరి ఆయాసంగా వినిపిస్తోంది, విరిగిన తుంటితో నాలుగు మెట్లెక్కిన ముసలిమనిషి ఊపిరి.

"నేను తీస్తాను" అంది రాధారాణి.

ఆకుపచ్చ చీర ఆమె పక్కనుంచి రాసుకుంటూ బయటికి వెళ్ళింది. తడి జుట్టు చల్లదనం చేతికి తగిలింది. రాధారాణి గడప దాటి లోపలికి వచ్చి, ఇటు తిరిగి తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. వీధిలో ఎవరూ లేరు. "రండమ్మా, లోపలికి రండి" అంది.

కర్ర చప్పుడు ఆమెని దాటి వంటింట్లోకి వెళ్ళింది. కుర్చీ కిర్రుమంది. ఆమె వెళ్ళి పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. చేతులకి ఏదో ఒక పని కావాలి. చక్కెర డబ్బా మూత తీస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. వేద వచ్చి బ్యాగు కింద పడేసింది.

"హాయ్ అమ్మా." తరువాత కుర్చీ వైపు తిరిగి, ఏ వింతా లేనట్టు, "హాయ్ ఆంటీ" అంది.

గిన్నెలో పాలు అంచుదాకా వచ్చి, ఈసారి ఆగకుండా, నాలుగు వైపులా పొంగిపోయాయి.

"అమ్మా," అంది వేద షూస్ విప్పుకుంటూ, "ఆంటీకి షుగర్ వద్దు అంట."