మూడో గేరు

పోతురాజు పాప గుడ్డలు మడతపెడుతున్నాడు. ఒక్కో గుడ్డనీ అంచుకి అంచు కలిపి, అరచేత్తో ఇస్త్రీలా రుద్ది, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఇరవై రెండేళ్ళు మిలటరీలో కిట్టు సర్దిన చేతులవి. వేళ్ళ కణుపులు ముదిరి చింతగింజల్లా అయినా మడత మాత్రం వంకర పోదు.

"తొమ్మిదిన్నర పరీక్షకి ఏడింటికే ఏంటయ్యా ఈ కవాతు?" అంది పోలమ్మ, చేపల గంప నెత్తికెత్తుకుంటూ.

"నీ చేపలు ఆగితే ఆగుతాయే. నా కాన్వాయ్ ఆగదు," అన్నాడు పెళ్ళాంతో.

కోడలు మాధవీలత తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తోంది. కొడుకు దుర్గాశ్రీనివాస్ బోటు మీద వేటకెళ్తే వారానికి గానీ రాడు. అందుకని పరీక్షల రోజుల్లో ఏడు నెలల పాప పోతురాజు పూచీ. మొదటి పరీక్షనాడు ఆయన ఒక పొరపాటు చేశాడు. ఏడుపు చెవిన పడితే కోడలు రాయలేకపోతుందని పాపని కోనేరు సెంటరు దాకా ఎత్తుకుపోయాడు. ఏ అలికిడీ లేకపోయేసరికి కోడలు కంగారుపడి, అరగంట ముందే పేపరిచ్చేసి పరిగెత్తుకొచ్చింది.

"ఇవాళ కూడా మధ్యలో లేచొచ్చేస్తే ఇంక రాయను మావయ్యా," అంది మాధవీలత, ఆటోలో పాపకి పాలిస్తూ. "ఏడిచినా పర్లేదు. చప్పుడు లేకపోతేనే నాకు ప్రాణం పోతుంది."

"సరే తల్లీ. బండి చప్పుడు వినపడుతున్నంతసేపూ పాప బాగున్నట్టు లెక్క. నువ్వు రాసుకో."

బండంటే మిలటరీ ట్రక్కు. సర్వీసంతా ఆయన లడఖ్ కొండల్లోకి దాన్నే నడిపాడు. 'ఎంతమందిని కాల్చావు మావా?' అని తమ ఊరు గిలకలదిండిలో ఎవరైనా అడిగితే, 'ఉల్లిపాయలు మోశాన్రా, కిరసనాయిలు మోశాను' అని నవ్వేవాడు. కొడుకు పుట్టిన సంగతి పంతొమ్మిది రోజులకి ఉత్తరంలో తెలిసింది. సెలవు దొరికి వచ్చేసరికి వాడు పాకుతున్నాడు. ఎవరో కొత్త మనిషనుకుని జడిసి ఏడ్చాడు. పసిపిల్లని ఎత్తుకోవడం పోతురాజుకి అరవై మూడో ఏట, ఈ పాపతోనే పట్టుబడింది.

బడి ప్రహరీ బయట, కోడలి గది కిటికీకి ఎదురుగా నిలబడ్డాడు. పదకొండింటికి పాప లేచింది. రాగిజావ చెంచాతో పెడితే ఉమ్మేసింది. గుడ్డ మార్చాడు. ఏడుపు ఇంకా హెచ్చింది. అప్పుడు పాపని ఛాతీకి ఆనించుకుని, గొంతులో ట్రక్కు స్టార్టు చేశాడు. డుర్ర్ర్... మొదటి గేరు. నాలుగడుగులేసి రెండో గేరు. మలుపులో చిన్న హారను.

"లైసెన్సుందా మావయ్యా?" అన్నాడు గేటు దగ్గర కానిస్టేబుల్ ప్రసాద్.

"ఘాట్‌రోడ్డు ఎక్కుతున్నానయ్యా, మాట్లాడించకు."

మూడో గేరులో పాప కళ్ళు మూతపడ్డాయి. అయినా ఆయన బండి ఆపలేదు. గొంతు ఆర్చుకుపోయింది, ఎడమ భుజం లాగేసింది. పన్నెండున్నర గంట కొట్టేదాకా ఆ గోడ వెంట అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు.

మాధవీలత అందరికన్నా ఆఖర్న బయటికొచ్చింది. వేళ్ళ నిండా సిరా.

"అన్నీ రాశాను మావయ్యా! పేపరు లాక్కునేదాకా రాశాను."

ఆయన పాపని ఆమె చేతికిచ్చాడు. ఎప్పుడో కొండ మీద ఆ ఉత్తరం చదివిన రోజున్నంత తేలిగ్గా ఉంది ఒళ్ళు.

ఇంటికొచ్చి చేపల పులుసుతో రెండు సార్లు అన్నం వడ్డించుకుని, పాప ఉయ్యాల పక్కనే నవారు మంచం మీద వాలాడు. "నాలుగింటికి లేపు తల్లీ. ఎల్లుండి సైన్సొక్కటే కదా, అప్పజెప్పించుకుంటాను."

నాలుగింటికి ఆమె టీ తెచ్చింది. ఆయన చెయ్యి ఉయ్యాల తాడు మీదే ఉంది. ఉయ్యాల ఆగి ఉంది. పిలిచింది, తట్టింది. మనిషి లేవలేదు.

కబురందుకుని కొడుకు వేట మధ్యలోనే తిరిగొచ్చాడు. మర్నాడు సాగనంపారు. ఆ మరుసటి రోజే సైన్సు పరీక్ష. మైల ఇంటి కోడలు గడప దాటకూడదన్నారు ఇరుగుపొరుగు.

"మైల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు పద," అని పోలమ్మ పాపని చంకనేసుకుంది.

ఆమెకి ట్రక్కు చప్పుడు చేతకాలేదు. గోడ బయట నిలబడి తనకొచ్చిన చేపల కేకే వేసింది: "పండుగప్పలోయ్... పచ్చి రొయ్యలోయ్..." ప్రసాద్ తల తిప్పుకుని ఊరుకున్నాడు. లోపల మాధవీలత ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, రెండో చేత్తో గంట కొట్టేదాకా రాసింది.

ఇంట్లో మేకుకి ఆయన తెల్లచొక్కా అలాగే వేలాడుతోంది. ఎడమ జేబు పైన, మిలటరీ వాళ్ళు పతకాలు పెట్టుకునే చోట, పాప గుడ్డలకని గుచ్చుకున్న మూడు పిన్నీసులు, ఒకే వరసలో.