పదమూడో పేజీలో వంతెన

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ఆ సాయంత్రం మేం తిన్నది టొమాటో సూపు, కాల్చిన రొట్టె, తలా ఒక ఉడికించిన గుడ్డు. సూపు నేనే చేశాను. ఉప్పు ఎక్కువైంది. మా అమ్మాయి నీళ్ళు కలుపుకుని తాగింది. మా బావమరిది మాత్రం ఏమీ అనకుండా రెండోసారి పోయించుకున్నాడు. ఇదంతా ఇంత బాగా గుర్తుండటానికి కారణం, ఆ తర్వాత మూడు ఆదివారాలు అతను మా గడప తొక్కలేదు.

మాది ఆదివారం బల్ల. పాచికలు, కాగితాలు, పెన్సిళ్ళు, బోలెడు మాటలు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు కథలో తలా ఒక మనిషై రాక్షసుల కోటలూ భూతాల గుహలూ తిరుగుతారు. కష్టమైన పని తలపెట్టినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. కథ నడిపేవారు చెప్పిన అంకె గానీ, అంతకంటే పెద్దది గానీ పడితే గట్టెక్కినట్టు. చూసేవాళ్ళకి ముదిరిపోయిన పిల్లల ఆటలా ఉంటుంది. ఇరవై రెండేళ్ళు ఆ కథలు నడిపింది నా భార్య. కిందటి ఏడాది జూన్‌లో ఆమె పోయాక పాచికల సంచీ ఏడు నెలలు అల్మారాలోనే ఉండిపోయింది. జనవరిలో మా అమ్మాయి దాన్ని తీసి నా ముందు పెట్టి, ఇక కథ నువ్వే నడపాలి నాన్నా అంది.

నేను ఆసుపత్రి మందుల కౌంటర్లో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన ఫార్మసిస్టుని. చీటీలో రాసింది ఇవ్వడమే గానీ సొంతంగా కథ చెప్పడం అలవాటు లేదు. నా అదృష్టం కొద్దీ, ఆమె మా కోసం సిద్ధం చేస్తూ వదిలిన చిన్న పుస్తకం దొరికింది. పాత పుస్తకాల కొట్లో కొన్నది, పిన్నులు కొట్టిన ముప్ఫై పేజీల కథ. ఎక్కడ ఏ గుహ ఉంది, అక్కడ ఏ అంకె పడాలి, అన్నీ అచ్చులో ఉన్నాయి. అచ్చు అంకెల పక్కన ఆమె పెన్సిల్‌తో వేరే అంకెలు రాసుకుంది. ఆ పెన్సిల్ అంకెలే చదువుతూ నాలుగు ఆదివారాలు నెట్టుకొచ్చాను.

ఆడేవాళ్ళు ముగ్గురు. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షలు చేసే మా అమ్మాయి విలుకత్తె. లెక్కలు చెప్పి రిటైరైన పక్కింటి టీచరుగారు మంత్రగత్తె. లిఫ్టులు బాగుచేసే మా బావమరిది దొంగ. ఆ దొంగ పేరు పిల్లి. పద్నాలుగేళ్ళుగా ఒకే కాగితం, మడతల దగ్గర టేపు వేసి వేసి అట్టలా తయారైంది. పిల్లి తాడు లేకుండా అడుగు వెయ్యడు. నాలుగు మెట్లెక్కాలన్నా అందరి నడుములకీ తాడు కట్టేస్తాడు. పడుకునేటప్పుడు మంచానికి కూడా కట్టుకుంటావా మావయ్యా అని మా అమ్మాయి ఏడిపిస్తూ ఉంటుంది.

ఆ రోజు పదమూడో పేజీలో అడుగు లేని లోయ మీద చెక్క వంతెన వచ్చింది. ముందు వెళ్ళే మనిషిని పెద్ద గాలి కొడుతుంది. దానికి అచ్చులో ఏడు. వెనక వచ్చేవాళ్ళు ఊగే వంతెన దాటాలి. దానికి పన్నెండు. పక్కన పెన్సిల్ అంకెలు లేవు. మార్చక్కర్లేదని వదిలేసి ఉంటుందనుకున్నాను. మా అమ్మాయి ముందు వెళ్ళింది. పదకొండు పడింది, గాలికి తట్టుకుని దాటేసింది. తర్వాత పిల్లికి పది పడింది. పడిపోయావన్నాను.

"తాడు కట్టానుగా," అన్నాడు బావమరిది.

నియమాల పుస్తకం తిరగేశాను. తాడు గురించి ఒక్క ముక్క లేదు. ముగ్గురూ నా వంకే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, రాతి అంచుకి ఒరుసుకుని తాడు తెగిపోయిందన్నాను.

అతను లిఫ్టుల పనిలో పాతికేళ్ళుగా ఉన్నవాడు. కట్టింది తెగకుండా చూడటమే అతని వృత్తి.

"నా తాడు తెగదు బావా," అన్నాడు. "అక్క ఉంటే నా తాడు తెగేది కాదు."

మా బల్ల దగ్గర చచ్చిపోయిన పాత్ర కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బిస్కెట్ల డబ్బాలో వెయ్యడం ఆనవాయితీ. అందులో పడింది మళ్ళీ బయటికి రాదు. అతను డబ్బా వైపు చూడలేదు. కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, తన గిన్నె తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

తర్వాత ఫోన్ చేస్తే తీసేవాడు. అదే నా బాధ. తియ్యకపోతే కోపమనుకుని ఊరుకోవచ్చు. పని ఉంది బావా, చూద్దాం అనేవాడు, ఇంటి ఓనరుతో మాట్లాడుతున్నంత మర్యాదగా. నా భార్య తొమ్మిదేళ్ళ వయసులో ఎలా అలిగేదో, ఏం చూపిస్తే అలక తీరేదో తెలిసినవాళ్ళలో నాకు మిగిలింది అతనొక్కడే. అలాంటి మనిషిని ఒక చెక్క వంతెన దగ్గర పోగొట్టుకుంటున్నాను.

పొరపాటైంది, పిల్లి బతికే ఉన్నాడు, రా అని చెప్పెయ్యమంది మా అమ్మాయి. అతని సంగతి నాకు తెలుసు. జాలిపడి ఇచ్చింది ముట్టుకోడు. పుస్తకంలో ఉందంటేనే ఒప్పుకుంటాడు. అందుకని మూడో ఆదివారం కూడా దాటాక, బుధవారం పొద్దున్న, ఇంట్లో ఉన్న నియమాల పుస్తకం మూడు ఎడిషన్లూ బల్ల మీద పరిచి కూర్చున్నాను.

ఎర్ర అట్టది మొదటిది. అరవై నాలుగు పేజీలు. చెప్పినదానికంటే చెప్పకుండా వదిలేసిందే ఎక్కువ, కథ నడిపేవాళ్ళ బుర్ర మీద దానికంత నమ్మకం. కనికరం మాత్రం తక్కువ. ఒంట్లో సత్తువ సున్నాకి దిగితే మనిషి పోయినట్టే, ఇంకో మాట లేదు. నీలి అట్టది రెండోది. దాన్ని రాసింది ఎవరో గుమాస్తా అయి ఉండాలి. ఏ కత్తి ఏ కవచాన్ని ఎంత లోతు కోస్తుందో, గుర్రం వానలో ఎంత దూరం నడుస్తుందో, అన్నిటికీ పట్టికలే. రెండేళ్ళు ఆడి, పట్టికలు వెతకలేక అటకెక్కించాం. మూడోది రంగు బొమ్మల దిమ్మ. ఇప్పుడు మేం ఆడేది దాని ప్రకారమే. మంచి మనసున్న పుస్తకం. కూలిపోయినవాడికి బతకడానికి మూడు అవకాశాలిస్తుంది. ఒక రాత్రి కంటినిండా నిద్రపోతే గాయాలన్నీ మానిపోతాయంటుంది. ముప్ఫై ఆరేళ్ళు మందులిచ్చినవాణ్ణి, మొదట్లో ఆ పేజీ చదివి నవ్వుకునేవాణ్ణి. ఈమధ్య కొట్టిపారెయ్యలేకపోతున్నాను. పోయినేడాది రాని నిద్ర ఈ ఏడాది వస్తోంది. అదేం చిన్న ఉపకారం కాదు.

మా మందుల పనిలో కొత్త ఎడిషన్ రాగానే పాతది కౌంటరు మీంచి తీసెయ్యాలి. రెండూ పక్కపక్కన ఉంటే ఏదో ఒక రోజు ఒకదాని మోతాదు ఇంకోదాని ప్రకారం ఇచ్చేస్తాం. ఎర్ర అట్టలో తాడు కోసం వెతుకుతుంటే సరిగ్గా అలాంటి తప్పే బయటపడింది. ఎర్ర పుస్తకంలో పాచిక తలకిందులు. చెప్పిన అంకె గానీ, అంతకంటే చిన్నది గానీ పడాలి. నా భార్య కొన్న ఆ చిన్న కథ ఎర్ర పుస్తకం కాలంలో రాసింది. గబగబా వెనక్కి తిప్పి చూశాను. అచ్చులో ఎనిమిది ఉన్నచోట పెన్సిల్ పదమూడు. పది ఉన్నచోట పదకొండు. పదిహేనుకి ఆరు. ఏ జత కలిపినా ఇరవై ఒకటి. ఒక్కొక్క అంకెనీ మేం ఆడే పద్ధతిలోకి మార్చుకుంటూ వచ్చింది. అలా పన్నెండో పేజీ దాకా వచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రిలో చేరింది.

పదమూడో పేజీ మార్చక్కర్లేక వదలలేదు, వ్యవధి లేక వదిలింది. వంతెనకి పన్నెండు కాదు, తొమ్మిది. పిల్లికి పడింది పది. అతను పడలేదు.

కుర్చీలో వెనక్కి వాలిపోయాను. చాలాసేపటికి కాఫీ పెట్టుకుందామని లేచి, స్టవ్ వెలిగించబోయి ఆగాను. అదే లెక్క గాలికి కూడా వెయ్యాలి కదా. ఏడు కాదు, పద్నాలుగు. మా అమ్మాయికి పడింది పదకొండు.

ఒకటి చెప్పి రెండోది మింగేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఒకే చీటీలో రెండు తప్పులు కనబడితే ఒకటే దిద్దే ఫార్మసిస్టుని ఏమనాలి? మళ్ళీ కూర్చుని ఎర్ర పుస్తకం చివరిదాకా చదివాను. తాడు గురించి అందులో సగం పేజీ ఉంది. తాడు తెగదు. ఒడ్డున తాడు పట్టుకున్నవాడు తన కాగితం మీద బలం ఎంతుందో ఆ అంకె గానీ, అంతకంటే తక్కువ గానీ వేస్తే, పడ్డవాణ్ణి ఆపగలడు. వెయ్యలేకపోతే ఇద్దరూ పోతారు. దిమ్మ పుస్తకం రాసినవాళ్ళు ఈ ముక్క ఎందుకు తీసేశారో మరి.

మూడు పుస్తకాలూ, కథ పుస్తకమూ సంచీలో వేసుకుని బావమరిది పనిచేసే చోటికి వెళ్ళాను. ఏడంతస్తుల ఆఫీసు. లిఫ్టు ఆగిపోయి ఉంది, అతను బాగుచేస్తున్నది దాన్నే. ఆ దిమ్మని మోసుకుంటూ ఏడంతస్తులూ ఎక్కాను. మోటారు గదిలో గ్రీజు చేతులతో కూర్చున్నవాడు నన్ను చూడగానే కంగారుగా లేచాడు, ఎవరికేమైందోనని. ఏమీ కాలేదు, పుస్తకాలు చూపిద్దామని వచ్చానన్నాను. నన్ను పనిముట్ల పెట్టె మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు.

రొప్పుతూనే చెప్పుకొచ్చాను. రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. కొత్త ప్యానెల్ ముందు కూర్చుని పాత వైరింగ్ బొమ్మ చూస్తూ తీగలు కలిపితే, పైకి నొక్కినప్పుడు లిఫ్టు కిందికి పోతుంది, మాకు ఇది మామూలే అన్నాడు. అక్క పెన్సిల్ అంకెల మీద వేలు పెట్టబోయి, గ్రీజు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. పదమూడో పేజీ దగ్గర మనసులో లెక్క వేసుకున్నాడు.

"అయితే మేనకోడలు పడిపోయింది," అన్నాడు.

"ఊఁ."

"నాకొద్దు బావా. పోతే నా పిల్లి పోయాడనుకో. కాగితం డబ్బాలో వేసెయ్."

"కాగితం నీ జేబులో పెట్టుకుని నన్ను వెయ్యమంటావేంరా?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. అప్పుడు తాడు గురించిన సగం పేజీ చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. చదివి, చెప్పడానికి వచ్చిన మాట చెప్పేశాను.

"తాడు తెగిందని నేను కల్పించాను. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. తప్పు నాదే."

స్పానరుని కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఆదివారం ఎన్నింటికి?" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఐదింటికే. ఆ సంగతి నేను గుర్తుచెయ్యలేదు, ఐదింటికి అన్నాను. వెళ్తుంటే, ట్రయల్‌కి ఎలాగూ ఒక మనిషి కావాలి, భయం లేకపోతే లిఫ్టులో దిగమన్నాడు. దిగాను. ఒక్క కుదుపు లేదు.

మా అమ్మాయికి ఫోన్లోనే చెప్పాను. నాకు పడిన అంకె నాది కాకుండా పోతుందా నాన్నా అని నవ్వి, ముందు నీ కళ్ళజోడు మార్చాలి, దుకాణానికి రా అంది.

ఆదివారం ఐదింటికి నలుగురం కూర్చున్నాం. ఇరవై ఒకటి లెక్కని టీచరుగారు తన కాగితం మీద మళ్ళీ చేసి చూసి, సరే అంది. తర్వాత పిల్లి కాగితం దగ్గరికి లాక్కుంది.

"బలం తొమ్మిది. అంటే మన పద్ధతిలో పన్నెండు గానీ, ఆపైన గానీ పడాలి. ఇరవైలో తొమ్మిది వంతులన్నమాట అన్నయ్యగారూ. సగం కూడా లేదు."

ఆవిడ ఓదార్చడానికి లెక్కలు చెప్పే మనిషి కాదు. పాచిక తేడా కొడితే మావయ్య కాగితం, మేనకోడలి కాగితం రెండూ డబ్బాలోకి పోతాయి. అప్పుడు ఇతను కోపంతో కాదు, సిగ్గుతో రావడం మానేస్తాడు. కోపమైతే ఏదో ఒక రోజు తగ్గుతుంది. ఇష్టం లేకపోతే వెయ్యనక్కర్లేదని చెప్పబోయాను. ఈలోగా మా అమ్మాయే అంది.

"మావయ్యా, తాడు వదిలెయ్. నువ్వైనా మిగులుతావు."

"మేనమామ చేతిలో తాడుండగా వదిలెయ్యమంటావేంటే," అని వేసేశాడు.

పాచిక బల్ల మీద దొర్లి, గ్లాసుకి తగిలి, అక్కడే కాసేపు తిరిగి ఆగింది. నా దగ్గరినుంచి చూస్తే ఏం పడిందో కనిపించలేదు. కళ్ళజోడు నిజంగానే మార్చాలి.

"పదహారు," అంది టీచరుగారు, హాజరు పిలిచినట్టు.

ఎవరూ కేకలు పెట్టలేదు. మా అమ్మాయి మావయ్య భుజానికి తల ఆనించింది. అతను రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, నిజంగా ఎవరినో పైకి లాగి అలిసిపోయినవాడిలా కూర్చున్నాడు. కాస్త తేరుకుని, పిల్లికి ఆ రోజు పది పడింది కాబట్టి అతనూ దాటాడని చెప్పాను. టీచరుగారికి తొమ్మిది సరిగ్గా పడి, తృటిలో తప్పించుకుంది. ఆవిడకి అది ఆశ్చర్యమే అనిపించలేదు.

పద్నాలుగో పేజీ నుంచి పెన్సిల్ నేను పట్టాను. నేను రాయడం, టీచరుగారు సరిచూడటం. నీ అంకెలు అక్క అంకెలకి రెండింతలున్నాయి బావా, గుహలో పట్టవు అన్నాడు బావమరిది. నాలుగు పేజీలు పూర్తయ్యేసరికి ఎనిమిదిన్నర దాటింది. మా అమ్మాయి టీచరుగారిని ఇంటిదాకా దిగబెట్టి అటునుంచి అటే వెళ్ళింది. బావమరిది మాత్రం గిన్నెలు కడిగి వెళ్తానన్నాడు. వద్దంటే వినడు.

నేను పక్కగదిలో నడుం వాల్చాను. నీళ్ళ చప్పుడు, గిన్నెలు బోర్లిస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉన్నాయి. ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతున్న చప్పుడు వింటూ కళ్ళు మూసుకోవడం ఎంత సుఖమో మర్చిపోయాను. కాసేపటికి నీళ్ళు ఆగాయి. అతను నా గది దాకా వచ్చి, పడుకున్నాననుకుని, దీపం ఆర్పేసి వెనక్కి తిరిగాడు. పిలవాలనిపించింది గానీ పిలవలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా గొళ్ళెం వేలితో నొక్కిపట్టి, తలుపు నెమ్మదిగా దగ్గరికి లాగి వేశాడు.