మూడో తాళం

నేను ఒక రేకుపెట్టెను. పలాసలో జీడిగింజలు కొట్టే పదిమంది ఆడవాళ్ల పొదుపు సంఘం నన్ను చేయించుకుంది. వాళ్లకు ఒకరి మీద ఒకరికి ఎంత నమ్మకమంటే, నాకు మూడు తాళాలు వేశారు. తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉండేవి. ముగ్గురూ కూర్చుంటేనే నా మూత లేచేది. నాది మాత్రం నెలకొకరింట్లో, బియ్యం డబ్బా పక్కన కాపురం.

శనివారం శనివారం తలా వంద వేసేవారు. జీడిసొన మరకల వేళ్లతో ప్రతి నోటునూ సాపుచేసి మరీ వేసేవారు. ఎవరి పిల్లకు ఫీజు కావాలన్నా అందులోంచే అప్పు. వడ్డీ కూడా తిరిగి నా కడుపులోకే. వెళ్లిన నోట్లు ఎలాగూ వచ్చేవి. వాటితో చదువుకు బస్సెక్కిన పిల్లలు మాత్రం అంత తొందరగా వచ్చేవారు కారు. నా దిగులంతా అదే.

ఒకసారి సూరమ్మ కూతురు దమయంతికి శ్రీకాకుళంలో నర్సు చదువుకు సీటొచ్చింది. మర్నాటికల్లా ఆరు వేలు కట్టాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. బయట అడిగితే చెవి దుద్దులు తాకట్టు పెట్టమన్నారు. ఆ దుద్దులు అంతకుముందే ఇంకో తాకట్టులో పోయాయి. సంఘం మధ్యాహ్నమే కూర్చుని సరేనంది. రెండు తాళాలు తీశారు. మూడో దాని చెవి ఎర్నమ్మ దగ్గరుంది.

"ఎర్నప్పా, నీ తాళంసెవి తే."

ఎర్నమ్మ రొంటి తడుముకుంది. మళ్లీ తడుముకుంది.

"పెట్లోనే పెట్టీసినాను. తమ్ముడింటికెళ్తన్నాను గదా, బస్సులో పడిపోతాదేమోనని. ఇక్కడైతే బద్రంగా ఉంటాదని."

అది నొక్కితే పడే తాళం. పోయిన శనివారం చెవి లోపల వేసి, పైన తనే నొక్కేసిందన్నమాట.

"నీ బుర్ర కూడా అందులోనే పెట్టీసినావేటి?"

అందరూ విరగబడి నవ్వారు. సూరమ్మ నవ్వలేదు. రాయి అందుకుంది.

"నువ్వొద్దే సూరీ! అప్పడిగినదే పెట్టె పగలగొట్టిందంటారు. తప్పు నాది, నాను కొడతాను," అని ఎర్నమ్మ జీడిగింజలు కొట్టే కర్ర తీసుకుంది.

పప్పు విరగకుండా గింజ పగలగొట్టడంలో ఆమె చేతికి ముప్పై ఏళ్ల పేరు. ఆ చెయ్యే నా మూతకు మూడు సొట్టలు పెట్టాక గాని తాళం ఊడలేదు. లోపల నోట్ల మీద తాళంచెవి హాయిగా పడుకుని ఉంది.

దమయంతి మర్నాడు వేకువనే బస్సెక్కింది. సూరమ్మ నలభై వారాల్లో అప్పు తీర్చింది, ఒక్క శనివారం తప్పలేదు. ఆ ఏడాదే సంఘం డబ్బు బ్యాంకుకు మారింది. నాకిక పని లేదు. సెలవులకొచ్చిన దమయంతికి బట్టలు పెట్టుకోమని నన్ను ఇచ్చేశారు.

ఇన్నాళ్లూ అందరినీ సాగనంపిన నేను, ఈసారి నేనే బస్సెక్కాను. ఎర్నమ్మ పరుగున వచ్చి, రొంటిలోంచి ఆ మూడో తాళంచెవి తీసి నాలో పడేసింది.

"దాని తాళమేదప్పా?" అంది దమయంతి.

"నేదు. ఉండనీయే గుంటా, బద్రంగా ఉంటాది."

ఇప్పుడు నేను హాస్టల్లో మంచం కింద ఉన్నాను. బయటికి లాగినప్పుడల్లా లోపల ఆ చెవి గలగలమంటుంది. దమయంతి నవ్వుతుంది. ఆ తర్వాత కాసేపటిదాకా నా మూత వెయ్యదు.